నానీ సంతకం

శాలిబండలో మా పక్కింటి నానీ దగ్గర ఆమె కూతురి పిల్లలిద్దరూ పెరిగారు. తండ్రి ఎటో పోయాడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది.

గల్ఫు వలస చరిత్ర రాసేవాళ్లు 1973లో చమురు ధరలు పెరగడంతో మొదలుపెడతారు. పాతబస్తీ నుంచి డ్రైవర్లు, మేస్త్రీలు వెళ్లారంటారు. ‘ఖద్దామా’లుగా వెళ్లిన ఆడవాళ్ల గురించి ఒక పేరా ఉంటుంది. నానీలకు అదీ లేదు. 2007లో కేంద్ర ప్రభుత్వం, పదో తరగతి పాసవని స్త్రీలు అక్కడ ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలంది. రక్షణ కోసమేనట! ముప్ఫై నిండిన మన ఆడవాళ్లలో పిల్లలు లేనివాళ్లెందరు? ఆ పిల్లల్ని ఎవరు చూస్తారని ఎవరూ అడగలేదు.

హనఫీ న్యాయశాస్త్రం మాత్రం నానీని గుర్తించింది. తల్లి తర్వాత పిల్లల్ని పెంచే హక్కు, ‘హిజానత్’, అమ్మమ్మదే. నాయనమ్మ వంతు ఆ తర్వాతే. మగపిల్లాడికి ఏడేళ్లొచ్చేదాకా, ఆడపిల్ల పెద్దమనిషయ్యేదాకా. పిల్లల ఆస్తి మీద అధికారం, ‘విలాయత్’, మాత్రం తండ్రిది, తండ్రి వైపు తాతది. చాకిరీ ఒకరిది, సంతకం ఇంకొకరిది. బడిలో కూడా తండ్రి సంతకమే అడిగారు. నానీ ఆ కాగితం మడిచి వెనక్కి తెచ్చుకుంది.

అంతకంటే ఆమెను కుంగదీసింది వేరే. రెండేళ్లకు కూతురు సెలవు మీద వస్తే, చిన్నది ఆమె పక్కన పడుకోనంది. నానీనే ‘అమ్మీ’ అని పిలిచింది. కూతురు మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. నానీ ఆ రాత్రి మనవరాలిని కొట్టింది.

"లోపల సంతోషమైంది బేటీ, అందుకే కొట్టిన" అంది నాతో.