గ్యాస్ కాదక్కా!

రాత్రి పన్నెండు దాటింది. హైదరాబాద్ చందానగర్‌లో ముంబై హైవే మీద లారీల రొద ఇంకా సద్దుమణగలేదు. మూడో అంతస్తులో మీ హాల్లో లైటు వెలుగుతోంది. పెళ్లి విందు నుంచి వచ్చిన అమ్మ సోఫా అంచున వంగి కూర్చుని కుడి డొక్క అదుముకుంటోంది.

"గ్యాసే బిడ్డా. మా అక్కకు గూడ గిట్లనే వస్తది, సోడా తాగితే పోతది."

సోడా తాగినా పోలేదు. పక్కటెముకల కింద పుట్టిన నొప్పి వీపు మీదుగా కుడి రెక్క దాకా పాకింది. వాంతి అయింది. రెండు గంటలు నలిపి, దానంతటదే వదిలింది.

పొద్దున్నే పరగడుపున స్కానింగ్ గది. ఏమీ తినకపోతేనే పిత్తాశయం నిండుగా ఉండి బాగా కనబడుతుందట. తెర మీద కాలేయం కింద నల్లటి సంచి, అందులో మూడు తెల్లటి గింజలు, ఒక్కోదాని వెనక నీడ. అమ్మ పక్కకు తిరగ్గానే గింజలు దొర్లాయి.

"కొండపిండాకు పప్పు తింట సారూ. మా ఊర్ల మస్తుమందికి పడిపోయినయ్" అంటుంది అమ్మ.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీస్తారు. "అవి కిడ్నీ రాళ్లమ్మా. చిన్నవైతే మూత్రంలో పోతాయి. ఇవి పిత్తరసంలో కొలెస్ట్రాల్ పేరుకుని గట్టిపడినవి. తాగిన నీళ్లు వీటిని కడిగెయ్యలేవు."

"మందుతో కరగవా?" మీరు అడుగుతారు.

"ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం ఉంది. సున్నం పట్టని చిన్న రాళ్లకే, అదీ నెలల తరబడి వాడాలి. మానేశాక చాలామందికి మళ్లీ వస్తాయి. రాళ్లు తయారయ్యేది ఆ సంచిలోనే కదా, అందుకే సంచినే తీసేస్తాం."

"మా పక్కింటావిడకు రాళ్లున్నా ఆపరేషన్ వద్దన్నారే?"

"ఆమెకు నొప్పి లేదేమో. నొప్పి పెట్టని రాళ్లను చాలావరకు వదిలేయడమే మంచిది. ఒకసారి నొప్పి వచ్చిందంటే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. రాయి జారి పిత్తనాళంలో అడ్డం పడితే కామెర్లు, క్లోమానికి వాపు. అప్పుడు నోటి గుండా ఎండోస్కోపు పంపి తీయాలి, ఈఆర్‌సీపీ అంటారు." ఆ విద్యలో ప్రపంచమంతా ఎరిగిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఆసుపత్రి ఏఐజీ గచ్చిబౌలిలోనే ఉంది. అమ్మకు ఆ అవసరం పడలేదు. రక్తపరీక్షలో కామెర్ల జాడ లేదు. నాళం ఉబ్బలేదు.

ఆపరేషన్ రోజు తలుపు బయట మీరు. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ మొదటిసారి పిత్తాశయం తీసినప్పుడు కడుపు కోయాల్సి వచ్చింది. 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా దేశంలో తొలిసారి లాప్రోస్కోపీతో తీశారు. ఇప్పుడు లోపల అమ్మకు నాలుగు చిన్న రంధ్రాలు. కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించి, సంచికి వెళ్లే నాళాన్నీ రక్తనాళాన్నీ విడివిడిగా గుర్తుపట్టాకే క్లిప్పులు వేసి కత్తిరిస్తారు. ఆ గుర్తుపట్టడంలోనే సర్జన్ నేర్పంతా ఉంది.

తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలో చిన్న సీసా. శనగగింజలంత మూడు రాళ్లు. చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు మీరు.

మర్నాడు డిశ్చార్జి. పిత్తరసం ఇకపై కాలేయం నుంచి నేరుగా పేగులోకి వెళ్తుంది, కొన్ని వారాలు నూనె తగ్గిస్తే చాలన్నారు. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, కడుపునొప్పి పెరిగినా వెంటనే రమ్మన్నారు.

ఇంటికి రాగానే అమ్మ మంచం మీద ఒత్తిగిలి ఫోన్ అందుకుంది.

"అక్కా, గది గ్యాస్ గాదక్కా! రేపే పరగడుపున వోయి స్కానింగ్ తీపిచ్చుకో."