దత్తపుత్రుఁడు – నేరశంక

దత్తుఁడు జనకుని గోత్రమును రిక్థమును పొందఁడని మనుస్మృతి విధించినది. గోత్రము మాఱినను నెత్తురు మాఱదను శంక మాత్రము లోకమును వీడలేదు. డెన్మార్కు దేశమున 1924–1947 నడుమ జరిగిన 14,427 దత్తతలను న్యాయస్థాన పత్రములతో సరిచూచి, మెడ్నిక్ ప్రభృతులు 1984లో ‘సైన్స్’ పత్రికయందు ఫలితములను ప్రకటించిరి. కన్నవారు గాని పెంచినవారు గాని శిక్షితులు కాని కుమారులలో నూటికి 13.5 మంది శిక్ష పొందిరి; పెంచినవారే శిక్షితులైనచో 14.7, కన్నవారే యైనచో 20. ఈ సంబంధము ఆస్తినేరములందే స్పష్టముగాఁ గన్పట్టినది, హింసానేరములందుఁ గాదు. ఆ యిరువదిమందిని జూచి బెదరువారు తక్కిన 80 మందిని ఏల మఱతురో మాకు బోధపడదు. పైగా శిక్షాపత్రము పట్టుబడినవానినే యెఱుఁగును. తన పుట్టుక విన్ననాఁడు బిడ్డ పడిన కలఁత, ఇరుగుపొరుగువారి చూపుల బరువు అందు నమోదు కాలేదు.