పుట్టి లేని పడవల పుస్తకాలు

పడవలు, ఓడల మీద పుస్తకాలు ఏరుకోవాలంటే మొదట చేతికి తగిలేవి సముద్రం పుస్తకాలే. 1912లో రాధాకుముద్ ముఖర్జీ రాసిన భారత నౌకాచరిత్ర ఆ బాట వేసింది. శాతవాహనుల ఓడ గుర్తు నాణేలు, భోజుడి పేర చెలామణి అయ్యే యుక్తికల్పతరువులోని నావల కొలతలు అందులో ఉన్నాయి. మనకు సముద్రయానం తెలియదన్న దొరల మాటకు ఆ కాలంలో అలాంటి జవాబు అవసరమే. తెలుగువారు దానికి సముద్ర వర్తకులకు రక్షణ ఇచ్చిన 1244 నాటి మోటుపల్లి అభయశాసనాన్ని, కోరంగి రేవును, 1948లో విశాఖలో నీళ్లలోకి దిగిన జలఉష ఓడను చేర్చుకుంటారు. కానీ కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న రాయచూరు జిల్లాలో, యాపలదిన్ని వంటి ఊరి గ్రంథాలయానికి పుస్తకాలు కొనేటప్పుడు ఈ జాబితాతో ఆగిపోతే అక్కడి చరిత్రే అలమరకు ఎక్కదు. ఆ అంతర్వేది నీటిదారులు ఓడవి కావు, పుట్టి అనే గుండ్రటి బుట్టపడవవి.

ఆ పుట్టి జాడ ఓడల పేరు పెట్టుకోని పుస్తకాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర జనం నది దాటే గుండ్రటి బుట్టపడవల గురించి రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పట్టే చోటు. తెడ్డు వేస్తుంటే తిరుగుతూనే పోతాయట, తిన్నగా పోవు. రాజ్యంలోని ఏర్ల మీద వేరే పడవే లేదని కూడా అన్నాడు. ఇది కాస్త అతిశయోక్తే కావచ్చు. అయినా ఒక రాజధాని రాకపోకలు దేనిమీద నడిచాయో ఆ మాటే చెబుతోంది. ఈ వర్ణన ఇంగ్లీషులో రాబర్ట్ సూయెల్ 1900లో వెలువరించిన విజయనగర చరిత్రలో ఉంది. 1803 మరాఠా యుద్ధంలో నదులు దాటడానికి బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ నమ్ముకున్నదీ బుట్టపడవలనే. అందుకే సైనిక లేఖలు కూడా ఈ అలమరకు పనికొస్తాయి.

తోలు కప్పిన బుట్టలో ఇంజనీరింగ్ ఏముందని ఎవరైనా అడగవచ్చు. అడుగున రాళ్లు తగిలే నదిలో వంగి సర్దుకునే అల్లిక, లోతు తక్కువ నీళ్లలోనూ తేలే వెడల్పు, ఒక్క మనిషి గట్టుకు లాగి బోర్లించగల బరువు: ఇవి ఆ నదికి తగ్గ లెక్కలు. మద్రాసు మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ ఈ పడవలను శాస్త్రీయంగా పరిశీలించాడు. 1946లో వచ్చిన ఆయన జలరవాణా గ్రంథం వీటిని ఇరాక్ నదుల్లోని గుఫ్ఫా అనే గుండ్రటి పడవ పక్కన నిలబెడుతుంది. ఈ విషయంలో ముందు కొనవలసింది అదే అని నా అభిప్రాయం. వంతెనలు వచ్చాక ఇదంతా పాతకథేనన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 1871లో బొంబాయి, మద్రాసు రైలుమార్గాలు రాయచూరులో కలిసిన తర్వాతా కృష్ణ నడుమనున్న కురువపురానికి మక్తల్ వైపు నుంచి శ్రీపాదవల్లభుని భక్తులు పుట్టిలోనే వెళ్లారు. ఈ పుస్తకాలకున్న అసలు లోపం వేరే. అన్నీ ఎక్కి దాటినవాళ్లు, కొలిచినవాళ్లు రాసినవే. బుట్ట అల్లినవాళ్లు, తోలు పదును చేసినవాళ్లు, తెడ్డు పట్టినవాళ్లు వాటిలో పేరు లేకుండానే ఉన్నారు.