పసిబిడ్డల తోపుడు బండి: కోల్‌కతా వంటి నగరంలో ఎంపిక ఎలా?

కోల్‌కతా: పసిబిడ్డను పడుకోబెట్టి లేదా కూర్చోబెట్టి తోసుకుని వెళ్లే చక్రాల బండి ఒకప్పుడు దొరల బంగళాలలోనే కనిపించేది. నేడు అది మధ్యతరగతి కుటుంబాల కొనుగోళ్లలో సాధారణ వస్తువుగా మారింది. అయితే ఈ బండి రూపుదిద్దుకున్నది చదునైన కాలిబాటలు, చల్లని వాతావరణం ఉన్న దేశాలలో. దుకాణంలోని నున్నని నేలపై ఒక్క వేలితో కదిలే బండి గడియాహాట్ లేదా హాతీబాగాన్ కాలిబాటపై చిన్న రోడ్డు గుంతకే ఆగిపోవచ్చు. అందువల్ల బండి ఎంపిక దుకాణంలో గాక, ఇంటి ముందున్న వీధి నుంచి ఆరంభం కావాలి.

పేర్లు, రకాలు

ఈ వస్తువుకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. తోపుడు బండి అంటే కూరగాయలు, పండ్లు అమ్మే బండి గుర్తుకు వస్తుంది. నడక బండి అంటే అడుగులు నేర్చే బిడ్డ పట్టుకుని నడిచే మూడు చక్రాల చెక్క బండి. ఆంగ్లంలోనూ పేర్లు ఒక్కటి కావు. లాటిన్ మూలం గల పెరాంబులేటర్ అన్న మాట కుదించుకుపోయి ప్రామ్ అయింది. బిడ్డ పూర్తిగా వెల్లకిలా పడుకునే తొట్టి వంటి బండికి ఆ పేరు వాడతారు. కూర్చునే బండిని బ్రిటన్‌లో పుష్‌చెయిర్ అనీ, అమెరికాలో స్ట్రోలర్ అనీ అంటారు. భారతీయ దుకాణాలలో రెండోదే వాడుకలో ఉంది.

మార్కెట్‌లో ప్రధానంగా నాలుగు రకాలు లభిస్తాయి. మొదటిది ప్రామ్. రెండవది వీపు భాగం పూర్తిగా వాలే పెద్ద స్ట్రోలర్. మూడవది గొడుగులా ముడుచుకునే తేలికపాటి బండి. నాలుగవది కారు సీటును చట్రంపై బిగించుకునే జంట ఏర్పాటు. వీటికి తోడు కవలల కోసం పక్కపక్కన లేదా ముందు వెనుక సీట్లున్న బండ్లు కూడా ఉన్నాయి.

వీటికి, బిడ్డను నిలబెట్టి కాళ్లతో తోసుకుంటూ తిరగనిచ్చే బేబీ వాకర్‌కు సంబంధం లేదు. గాయాల ప్రమాదం కారణంగా వాకర్ల విక్రయాన్ని కెనడా 2004లో నిషేధించింది. ఒకే దుకాణంలో పక్కపక్కన కనిపించే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

మేక లాగిన బండి నుంచి గొడుగు మడత దాకా

పిల్లల బండికి నమోదైన తొలి రూపాలలో ఒకటి 1733 నాటిది. ఇంగ్లండ్‌కు చెందిన తోటల రూపశిల్పి విలియం కెంట్ దానిని డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం గవ్వ ఆకారంలో తయారు చేశారు. మేక గానీ పొట్టి గుర్రం గానీ దానిని లాగేది. 1889లో అమెరికాకు చెందిన విలియం రిచర్డ్‌సన్, బిడ్డ ముఖాన్ని తోసేవారి వైపునకైనా దారి వైపునకైనా తిప్పగలిగే తొట్టికి పేటెంటు పొందారు.

అసలు మలుపు 1965లో వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ విమానపు చక్రాల అమరికపై పని చేసిన బ్రిటిష్ ఇంజినీరు ఓవెన్ మెక్లారెన్, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండిని రూపొందించారు. దాని బరువు 3 కిలోల లోపే. పనివారు నెట్టే బరువైన బండి, తల్లి ఒంటిచేత్తో మోసుకుని బస్సెక్కగలిగే వస్తువుగా మారింది ఆ మడతతోనే. మెట్లు, ఆటోలు, కిక్కిరిసిన బోగీలు ఉన్న భారతీయ నగరాలకు నేటికీ అత్యంత ఉపయోగపడే గుణం అదే.

మొదటి ఆరు నెలలు

బండి ఎంపికలో తొలి ప్రమాణం బిడ్డ వయసు. పుట్టిన బిడ్డకు మెడ నిలవదు. సగం వాలిన సీటులో కూర్చోబెడితే గడ్డం ఛాతీకి ఆని శ్వాసమార్గం నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. కనుక సుమారు 6 నెలలు నిండి బిడ్డ ఆసరా లేకుండా కూర్చునే వరకు, వీపు భాగం పూర్తిగా చదునుగా వాలే బండినే వాడాలి. గొడుగు మడత బండ్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు. పెట్టెపై ‘6 నెలల నుంచి’ అని రాసి ఉంటే దాని అర్థం ఇదే.

బండి మంచం కాదన్నది రెండో విషయం. కారు సీటు, స్ట్రోలర్ వంటి కూర్చునే సాధనాలలో శిశువులను అలవాటుగా నిద్రపుచ్చరాదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. దారిలో నిద్రపోయిన బిడ్డను ఇంటికి రాగానే చదునైన పడకపైకి మార్చాలి. మెలకువగా ఉన్న పిల్లలను కూడా బండిలో గాని, ఎత్తు కుర్చీలో గాని ఒకేసారి గంటకు మించి కట్టి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలలో పేర్కొంది.

బరువు లెక్క కూడా ముఖ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల ప్రమాణాల ప్రకారం మగబిడ్డ మధ్యస్థ బరువు ఏడాదికి 9.6 కిలోలు, మూడేళ్లకు 14.3 కిలోలు. యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 1888 మొదటి భాగం 15 కిలోల వరకు, రెండవ భాగం 22 కిలోల వరకు బరువున్న పిల్లల బండ్లకు వర్తిస్తుంది. 15 కిలోల పరిమితి గల బండి చాలామంది పిల్లలకు మూడేళ్ల ప్రాంతంలో చాలకుండా పోతుంది.

వీధి పెట్టే పరీక్ష

నివాస ప్రాంతాలలో కాలిబాటపై నడిచేందుకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోల్‌కతా పాత పేటలలో దుకాణాలు, హాకర్ల బల్లలు, చెట్ల మొదళ్లు, విద్యుత్ స్తంభాలు పోగా మిగిలే దారి తరచూ దానికంటే ఇరుకు. దానితో బండి రోడ్డు మీదికి దిగక తప్పదు. సాల్ట్‌లేక్, న్యూటౌన్‌ల వంటి ప్రణాళికాబద్ధ ప్రాంతాలలో పరిస్థితి కొంత భిన్నం. రవీంద్ర సరోవర్, ఎకో పార్క్ వంటి చోట్ల చదునైన బాటలు ఉన్నాయి.

ఈ తేడాను బట్టి చక్రాలను ఎంచుకోవాలి. చిన్న ప్లాస్టిక్ చక్రాలు మాల్, విమానాశ్రయం, అపార్ట్‌మెంట్ ఆవరణలకు సరిపోతాయి. గతుకుల దారిలో పెద్ద చక్రాలు, రబ్బరు తొడుగు, స్ప్రింగులు ఉన్న బండి మేలు. గాలి నింపే టైర్లు కుదుపును తగ్గిస్తాయి గాని పంక్చర్ బెడద ఉంటుంది. ముందు చక్రాలు తిరిగేవైతే ఇరుకు మలుపులు సులభం. గతుకులలో వాటిని నిటారుగా బిగించే మీట ఉందో లేదో చూసుకోవాలి.

బండి వెడల్పును రెండు చోట్ల కొలిచి పోల్చుకోవాలి: ఇంటి లిఫ్టు తలుపు, వీధిలోని అత్యంత ఇరుకైన దారి. లిఫ్టు లేని మూడు, నాలుగంతస్తుల పాత ఇళ్లలో బండి బరువే నిర్ణాయకం. 12 కిలోల బండిని, 8 కిలోల బిడ్డను ఒక్కరే మేడ మీదికి చేర్చగలరా అన్నది కొనుగోలుకు ముందే వేసుకోవలసిన ప్రశ్న. బిడ్డ కూర్చుని ఉండగా బండిని మెట్లపై లాగడం, మోయడం సురక్షితం కాదు. బిడ్డను ఎత్తుకుని, బండిని ముడిచి మోయడమే సరైన పద్ధతి. ఒంటిచేత్తో ముడిచే వీలున్న బండి ఇక్కడ అక్కరకు వస్తుంది.

మెట్రో, రైలు, ఆటో

దేశంలో మొదటి మెట్రో 1984 అక్టోబరు 24న కోల్‌కతాలోనే ఆరంభమైంది. ఆ పాత ఉత్తర–దక్షిణ మార్గంలో విద్యుత్తు పట్టాల పక్కనే 750 వోల్టుల మూడో పట్టా ద్వారా అందుతుంది. హుగ్లీ నది కింద 2024 మార్చి నుంచి రైళ్లు నడుస్తున్న తూర్పు–పడమర మార్గంలో ప్లాట్‌ఫారం అంచున తలుపులున్న అడ్డుగోడలు ఉన్నాయి. ఎక్కడైనా పాటించవలసిన నియమం ఒక్కటే. ప్లాట్‌ఫారంపై బండిని పట్టాలకు సమాంతరంగా నిలిపి, బ్రేకు వేసి, చేయి తీయకుండా ఉండాలి. ఎస్కలేటర్‌పైకి బండిని ఎక్కించరాదు. లిఫ్టు లేకపోతే బిడ్డను ఎత్తుకోవాలి.

షేర్ ఆటోలలో ముడిచిన బండి ఒడిలోకి వస్తుంది. సీఎన్‌జీ సిలిండరు ఉన్న క్యాబ్‌లో డిక్కీ స్థలం తక్కువ. హౌరా నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్‌కు, దారిలోని ఆంధ్ర పట్టణాలకు రాకపోకలు సాగించే తెలుగు కుటుంబాలకు బండి బెర్తు కింద దూరుతుందా అన్నదే అసలు కొలత. విమాన ప్రయాణమైతే సంస్థ నిబంధనలను టికెట్ కొనేముందే చూసుకోవాలి.

ఎండ, వాన, పొగ

ఎండ తగలకుండా బండిపై పలుచని గుడ్డ కప్పడం చాలామంది అలవాటు. ఇది మేలు కంటే కీడు చేయవచ్చు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం 2023లో వెల్లడించిన పరిశోధనలో, పొడి మస్లిన్ కప్పినప్పుడు బండి లోపలి ఉష్ణోగ్రత 2 డిగ్రీలకు పైగా పెరిగింది. తడి మస్లిన్‌తో పాటు చిన్న ఫ్యాన్ వాడినప్పుడు దాదాపు 5 డిగ్రీల మేర తగ్గింది. అయితే తడి గుడ్డ చల్లదనం నీరు ఆవిరి కావడంపై ఆధారపడి ఉంటుంది. గాలిలో తేమ అధికంగా ఉండే కోల్‌కతాలో ఆ ప్రయోజనం పూర్తిగా దక్కుతుందని భావించరాదు. వెడల్పాటి పైకప్పు, వెనుక జాలీ కిటికీ, గాలి ఆడే బట్ట ఉన్న బండిని ఎంచుకోవడం, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ప్రయాణం మానడం మేలు.

వర్షాకాలానికి పారదర్శకమైన వాన తొడుగు అవసరం. వాన ఆగగానే దానిని తీసివేయాలి. లేకుంటే లోపల గాలి ఉక్కపోస్తుంది. నీరు నిలిచిన వీధిలో బండిని అసలే దించరాదు. 2025 సెప్టెంబరు 23న నగరంలో 24 గంటల లోపే 250 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసినప్పుడు మరణించిన వారిలో అత్యధికులు విద్యుదాఘాతానికి గురైనవారే. నీటి కింద తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ కంటికి కనిపించదు.

శీతాకాలంలో వాయు కాలుష్యం మరో సమస్య. వాహనాల పొగగొట్టాలు నేలకు మీటరు లోపు ఎత్తులో ఉంటాయి. బండిలో బిడ్డ ముఖం కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటుంది. బండ్లలోని పసిపిల్లలు పెద్దల కంటే 60 శాతం వరకు అధిక కాలుష్యానికి గురి కావచ్చని బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో తెలిపారు. సీటు ఎంత ఎత్తులో ఉంటే అంత మేలు. రద్దీ కూడళ్లలో బండిని రోడ్డు అంచుకు దూరంగా నిలపాలి. దగ్గరి దారి కన్నా లోపలి వీధుల దారి ఉత్తమం.

పట్టీలు, బ్రేకులు, కీళ్లు

భుజాలపై రెండు, నడుముకు రెండు, కాళ్ల నడుమ ఒకటి చొప్పున ఐదు పట్టీలున్న అమరిక అన్నింటికంటే సురక్షితం. నడుము పట్టీ ఒక్కటే ఉంటే బిడ్డ కిందికి జారవచ్చు, లేచి నిలబడవచ్చు. క్షణమైనా బండి ఆగితే బ్రేకు వేయాలి. వాలుపై బ్రేకు వేసి, బండిని మెల్లగా తోసి పరీక్షించాలి.

మడత కీళ్ల వద్ద వేళ్లు నలిగే ప్రమాదాన్ని తేలికగా తీసుకోరాదు. 2009 నవంబరులో అమెరికాలో మెక్లారెన్ సంస్థ సుమారు 10 లక్షల గొడుగు మడత బండ్లకు రీకాల్ ప్రకటించి, కీళ్లపై అమర్చే తొడుగులను సరఫరా చేసింది. పిల్లల వేలికొనలు తెగిన ఘటనలు 12 నమోదు కావడమే అందుకు కారణం. బండిని విప్పేటప్పుడు, ముడిచేటప్పుడు బిడ్డ చేతికి అందనంత దూరంలో ఉండాలి. తాళం పడిన చప్పుడు విన్నాకే బిడ్డను కూర్చోబెట్టాలి.

హ్యాండిల్‌కు బరువైన సంచులు తగిలించడం మరో సాధారణ పొరపాటు. బిడ్డను ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కి తిరగబడుతుంది. బిడ్డ ఉండగానే బోల్తా పడే అవకాశమూ ఉంది. సరుకులకు సీటు కింది బుట్టనే వాడాలి.

పాత బండి, కొనుగోలుదారు హక్కులు

బంధువుల ఇంటి నుంచి వచ్చే పాత బండిని వాడడంలో తప్పు లేదు. అయితే చట్రంలో పగుళ్లు, వదులైన కీళ్లు, పట్టు తప్పిన బ్రేకు, చివికిన పట్టీలు ఉంటే వాడరాదు. మోడల్ సంఖ్యతో తయారీదారు వెబ్‌సైట్‌లో రీకాల్ వివరాలు చూడాలి. కొత్త బండి పెట్టెపై తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. లోపభూయిష్టమైన వస్తువు వల్ల హాని కలిగితే పరిహారం కోరే హక్కును వినియోగదారుల రక్షణ చట్టం–2019 కల్పిస్తోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంఖ్య 1915. బిల్లు భద్రపరచుకోవడం తప్పనిసరి.

బండి అక్కర్లేని వేళలు

దుర్గాపూజ రోజుల్లో పందిళ్ల ముందు కిక్కిరిసే జనంలో గానీ, బజారు రద్దీలో గానీ బండి సాయం కంటే ఆటంకమే అవుతుంది. అటువంటి చోట్లకు బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్ నయం. బిడ్డ ముఖం ఎల్లప్పుడూ కనిపించాలి. గడ్డం ఛాతీకి ఆనరాదు. ఒంగి ముద్దు పెట్టుకునేంత దగ్గరగా తల ఉండాలి. వీపునకు ఆసరా ఉండాలి. తల్లి చంకకెక్కిన బిడ్డ ఈ దేశపు వీధులకు కొత్త కాదు. బండి కొన్నంత మాత్రాన ఆ అలవాటును వదులుకోనక్కరలేదు.

కొనేముందు తేల్చుకోవలసినవి

- బిడ్డ వయసు 6 నెలల లోపైతే సీటు పూర్తిగా చదునుగా వాలుతుందా?
- బండి, బిడ్డ బరువులు కలిపి ఇంటి మెట్లపై ఒక్కరే మోయగలరా? విడివిడిగా రెండుసార్లు ఎక్కవలసి వస్తే బిడ్డ వద్ద ఎవరుంటారు?
- లిఫ్టు తలుపులో బండి పడుతుందా? ముడిచాక డిక్కీలో, బెర్తు కింద దూరుతుందా?
- ఐదు పట్టీలు ఉన్నాయా? వాలుపై బ్రేకు నిలుస్తుందా?
- బట్టను విప్పి ఉతికే వీలుందా? తేమ నగరంలో బూజు పట్టకుండా ఉండాలంటే ఇది ముఖ్యం.
- తోసేవారిలో పొడవైనవారికి, పొట్టివారికి కూడా హ్యాండిల్ ఎత్తు అనువుగా ఉందా?

ఈ ప్రశ్నలకు జవాబు దొరికాక రంగు, ధర, బ్రాండు గురించి ఆలోచించవచ్చు. రోజూ కిందికి దించగలిగే సాధారణ బండి, మేడ మీద మూలన పడి ఉండే ఖరీదైన బండి కంటే బిడ్డకు ఎక్కువ వెలుతురును, గాలిని చూపిస్తుంది.