సూరత్‌లో వలస మహిళల ప్రసూతి ఆరోగ్యం: సమస్యలు, పథకాలు, హక్కులు

గుజరాత్‌లోని సూరత్ నగరం వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానపట్టే పనికి దేశంలో ప్రధాన కేంద్రం. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 44 లక్షలు దాటింది. ఒడిశాలోని గంజాం జిల్లాతో పాటు ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మికులు ఇక్కడి మరమగ్గాలపై పనిచేస్తున్నారు. తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలి నేత కుటుంబాలు లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నిర్వహిస్తోంది.

సగటుల మాటున

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం గుజరాత్‌లో 94.3 శాతం ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయితే అదే సర్వేలో రాష్ట్ర గర్భిణుల్లో 62.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. జాతీయ సగటు 52.2 శాతం. ప్రసవం ఆసుపత్రిలో జరిగినంత మాత్రాన గర్భధారణ కాలమంతా సంరక్షణ అందినట్లు కాదని ఈ అంకెలు సూచిస్తున్నాయి. గర్భిణి రక్తంలో హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా, 7 గ్రాముల కంటే తగ్గితే తీవ్ర రక్తహీనతగా పరిగణిస్తారు. తీవ్ర రక్తహీనత ఉన్నవారికి ప్రసవానంతర రక్తస్రావం ప్రాణాంతకం కాగలదు. నెలలు నిండకుండానే కాన్పు కావడం, శిశువు 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పులూ ఉంటాయి.

సంరక్షణ ఎక్కడ తెగుతోంది?

గర్భం దాల్చిన 12 వారాల లోపు నమోదు, కనీసం 4 పరీక్షలు, 180 రోజుల పాటు ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్రలు ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. వలస కుటుంబాలు తరచూ అద్దె ఇళ్లు మారడంతో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల జాబితాల నుంచి గర్భిణుల పేర్లు జారిపోతాయి. భాష తెలియకపోవడం మరో అడ్డంకి. ఇంటి వద్దే చీరలకు లేసులు కుట్టి, రాళ్లు అతికించే మహిళలకు కూలి ముక్కల లెక్కన అందుతుంది. ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలి పోయినట్లే. 2017 సవరణతో 26 వారాలకు పెరిగిన వేతన ప్రసూతి సెలవు ఇటువంటి వారికి వర్తించదు.

తెలుగు కుటుంబాల్లో తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. ఏడో నెల తర్వాత స్వగ్రామానికి ప్రయాణమైనప్పుడు సూరత్‌లో చేయించుకున్న పరీక్షల కాగితాలు వెంట లేకపోతే, రక్తపోటు, రక్తవర్గం, గత శస్త్రచికిత్స వంటి కీలక వివరాలు కాన్పు చేసే వైద్యులకు తెలియవు. సూరత్ జిల్లా చెరకు తోటల్లో కోతకు వచ్చే గిరిజన మహిళల పరిస్థితి మరింత కష్టమైనది. కోతల కాలమంతా వారి నివాసం పొలాల పక్కన వేసుకున్న గుడారాల్లోనే.

అందుబాటులో ఉన్న పథకాలు

2011 జూన్‌లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్ సహా ప్రసవం, మందులు, పరీక్షలు, రక్తం, ఆహారం, రవాణా ఉచితం. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థకు చెందిన స్మీమర్ ఆసుపత్రి ప్రధానమైనవి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన అర్హులైన మహిళలకు తొలి కాన్పుకు రూ.5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.6,000 అందిస్తుంది. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో ఉచిత పరీక్షలు జరుగుతాయి. అత్యవసర అంబులెన్సు సంఖ్య గుజరాత్‌లోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ 108.

మిగిలిన దూరం

2018-20 గణాంకాల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు దేశంలో 97 కాగా, గుజరాత్‌లో 57, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. సుస్థిర అభివృద్ధి లక్ష్యమైన 70 కంటే ఈ మూడు రాష్ట్రాల్లోనూ తక్కువే. రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు సాగించే గర్భిణులు ఈ ప్రగతికి దూరం కాకుండా ఉండాలంటే సంరక్షణ వారి వెంటే సాగాలి. అందుకు తొలి ఆధారం తల్లీబిడ్డల రక్షణ కార్డు. సూరత్‌లో నమోదైన పరీక్షల వివరాలతో ఆ కార్డు పుట్టింటికి చేరితే, అక్కడి వైద్య సిబ్బంది చికిత్సను ఆగిన చోటు నుంచే కొనసాగించగలుగుతారు.