చేరినవారి లెక్క, చేజారినవారి లెక్క

పరీక్షలు గట్టెక్కని విద్యార్థిని పై తరగతికి పోనివ్వకుండా ఆపివేయడాన్ని మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 'డిటెన్షన్' అంటారు. దేశంలో తొలి ఐఐటీ 1951లో ఖరగ్‌పూర్ వద్ద హిజ్లీలో మొదలైంది. ఆ భవనం బ్రిటిష్ వారి డిటెన్షన్ క్యాంపే కావడం కాకతాళీయం. 1931 సెప్టెంబరులో అక్కడ పోలీసు కాల్పులకు ఇద్దరు రాజకీయ ఖైదీలు బలయ్యారు. 1956లో తొలి స్నాతకోత్సవానికి వచ్చిన నెహ్రూ ఆ నిర్బంధ శిబిరం స్థానంలోనే రూపుదిద్దుకుంటున్న భారత భవితవ్యాన్ని చూశారు.

ఆ భవితవ్యంలో ఎవరికెంత చోటు అన్న ప్రశ్న ఐఐటీ గడప తొక్కడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు 1973లో వచ్చాయి. ఓబీసీలకు 2008 దాకా, అదీ సుప్రీంకోర్టు తీర్పు వెలువడేదాకా నిరీక్షణే. పోరాటమంతా ప్రవేశం చుట్టూ నడిచింది. అలా నడవక తప్పని కాలమది. కానీ లోపలికి వెళ్లిన విద్యార్థి పట్టాతో బయటికి వచ్చాడా అని ఆరా తీసినవారు, ఉభయ పక్షాల్లోనూ, అరుదు.

2015 వేసవిలో రూర్కీ ఐఐటీ ఆ ప్రశ్నను బలవంతంగా మన ముందుకు తెచ్చింది. సగటు గ్రేడు 5కు తగ్గిందని మొదటి ఏడాది విద్యార్థులు 70 మందికి పైగా బహిష్కరణకు గురయ్యారు. వారిలో అత్యధికులు రిజర్వుడు వర్గాలవారే. హైకోర్టులో ఊరట దొరకలేదు. దేశవ్యాప్తంగా గగ్గోలు పుట్టాక సంస్థే దిగివచ్చి మరో అవకాశమిచ్చింది. దేశంలోకెల్లా కఠినమైన ప్రవేశ పరీక్ష నెగ్గినవారు పది నెలల్లో అసమర్థులెలా అయ్యారు? ఇంగ్లీషులో సాగే పాఠమా, కోచింగ్ కొనుక్కోగల సహపాఠితో పోటీయా, పట్టించుకోని అధ్యాపకుడా? సంస్థను ఈ ప్రశ్నలు అడగకుండానే తీర్పు విద్యార్థిపై పడింది.

2023 డిసెంబరులో కేంద్రం లోక్‌సభకిచ్చిన సమాధానం ప్రకారం, అంతకు ముందు అయిదేళ్లలో ఐఐటీలను వీడిన ఓబీసీలు 2,066, ఎస్సీలు 1,068, ఎస్టీలు 408 మంది. కారణం? ప్రధానంగా వేరేచోట కోరుకున్న సీటు దొరకడం, లేదా వ్యక్తిగత ఇబ్బందులట! రూర్కీలో గెంటివేతకు గురైనవారు ఈ రెండింటిలో ఏ పద్దు కిందికి వస్తారో మంత్రిగారే చెప్పాలి.

సభ్యులు అడగవలసిన ప్రశ్న వేరు: ఫలానా ఏడాది చేరినవారిలో, వర్గాలవారీగా, ఎందరు నాలుగేళ్లలో పట్టా పుచ్చుకున్నారు? ఎందరికి ఆరేళ్లు పట్టింది? మిగిలినవారు ఏ సెమిస్టర్‌లో, ఏ సబ్జెక్టు దగ్గర ఆగిపోయారు?