పేరు పలుకని ప్రేమ

మోమిన్‌పేట్ ప్రాంతపు పల్లెలలో పాతతరపు ఇల్లాలు భర్తను పేరు పెట్టి పిలువదు. పదిమందిలో ఆయన ప్రసక్తి వచ్చినచో "మా పిల్లగాని నాయన" అని ఊరకుండును. అంతమాత్రమున ఆ దంపతుల నడుమ అనురాగము లేదని ఎవ్వరును అనరు. కాని దానిని కాగితముపై పెట్టవలసిన కథకునికి ఇది పెద్ద చిక్కు. మా చేతికి వచ్చు రేడియో నాటికల వ్రాతప్రతులలో భార్యాభర్తలు మాటమాటకు ఒకరి పేరొకరు పలుకుదురు. శ్రోత గొంతును గుర్తుపట్టుటకట! అక్కడనే నమ్మకము చెడును.

ప్రబంధకవులకు ఈ చిక్కు లేదు. నాయిక వెన్నెలను దూషించును, చెలికత్తెలు చందనము పూయుదురు. అది కావ్యమర్యాద, పొరుగింట జరిగినట్లు తోపనక్కరలేదు. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో వెలువడి, కథ సామాన్యగృహమున అడుగుపెట్టిన పిదపనే ఈ ప్రశ్న పుట్టినది. అందులో సంసారపు కష్టసుఖములు కన్నులకు కట్టును గాని, దంపతుల మనస్సులు అంతగా తెలియవని నా అభిప్రాయము.

వానిని చూపినవి చిన్న కథలు. భండారు అచ్చమాంబ 1902లో రచించిన ధనత్రయోదశిలో దీపావళి వచ్చినది, పేద గుమాస్తా ఇంట పైకము లేదు. యజమాని సొమ్ముపై భర్త చేయి వేయగా, భార్య దానిని అంగీకరింపదు. వలపుమాటలతో పనిలేకయే ఒకరికొకరు ఏమగుదురో తెలిసిపోవును. ఆమె సుగుణము కొంత పాఠమువలె వినిపించుట నిజమే.

ఆ లోపమును గురజాడ సవరించినాడు. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన దిద్దుబాటున గోపాలరావు వేశ్యల పాట విని అర్ధరాత్రి ఇల్లు చేరును. భార్య లేదు, ఉత్తరమున్నది. ఆతని గర్వము, భయము, పశ్చాత్తాపము ఒకదానివెంట ఒకటి బయటపడును. అంతయు వినుచు కమలిని మంచము క్రిందనే యున్నది! ఆమె కోపగించినది, పరిహసించినది, కాని విడిచిపోలేదు. ఆ నవ్వు లేనిచో అది సంస్కరణోపన్యాసమే అయ్యెడిది.

చలం 1927లో మైదానము వ్రాసి పేరులు పలుకని ఆచారమునే కాదు, ఇంటినే దాటించినాడు. రాజేశ్వరి వకీలు భర్తను వదలి అమీరు వెంట పోయినది. అమీరు మరియొక పిల్లను వాంఛించినప్పుడు ఆమె పడు క్షోభ చదువరిని వదలదు. అమీరు మాత్రము నాకు ఆమె కన్నులలోని రూపమువలెనే తోచును. కథ చెప్పునది ఆమె కదా.

మోమిన్‌పేట్ వంటి ఊళ్ల పలుకుబడికి దగ్గరగా వచ్చిన నవల దాశరథి రంగాచార్య చిల్లరదేవుళ్లు. ఇది 1969లో వెలువడినది; నైజాము కాలపు దొరల తెలంగాణము దీని రంగము. దొర కూతురు మంజరి, సంగీతము వచ్చిన సారంగపాణి, వారి నడుమ ఆడబాప వనజ. ఆడబాప యనగా దొరల ఇండ్లలో ఆడపెండ్లివారు అరణముగా పంపెడి దాసీపిల్ల. ఆమె దేహము దొరది. మంజరి ప్రేమించినచో తండ్రి కోపించును. వనజ ప్రేమించినచో, అది ప్రేమయని తలచువారే ఆ గడీలో లేరు. గడప యివతల నిలబడి ఆమె వినుచుండును, లోపల సంగీతపాఠము సాగుచుండును.